వీపులు అమ్మకి

ఆగండి, ఒక్క క్షణం ఆగి వినండి. బెల్లంకొండ అవతల రిజర్వాయరు నీళ్ళు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన చోట, కుర్రకారంతా బీచ్ అని పిలుచుకునే ఆ ఒడ్డున, ఆరోగ్యస్వామి అప్పటికే మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి గేదెల్ని ఫోటో తీస్తున్నాడు. గేదెలు ఊరికే మునిగి ఉన్నాయి. ముక్కులూ కొమ్ములూ తప్ప ఏమీ కనపడవు. ఆయన మాత్రం పెళ్ళికూతుర్ని తీస్తున్నంత శ్రద్ధగా వంగి, లేచి, పక్కకు జరిగి, మళ్ళీ వంగి తీస్తున్నాడు. గేదెల వెనక పుట్టిలో ఒకతను వల లాగుతున్నాడు. ఇంకా వెనక, నీళ్ళలోంచి బారెడు పైకి లేచిన కరెంటు స్తంభం కొస మీద ఒక నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది.

సముద్రం లేని పల్నాడుకి అదే సముద్రం. అలలుండవు. గాలి తోలినప్పుడు నీళ్ళు రాళ్ళను తడిమి వెనక్కి పోతాయి, అంతే. ఇసుక ఎవరో ట్రాక్టర్లతో తెచ్చి పోసిందే. అయినా ఆదివారం వస్తే నరసరావుపేట నుంచీ సత్తెనపల్లి నుంచీ కార్లూ ఆటోలూ బారులు తీరుతాయి. ఆ రోజైతే చెప్పక్కర్లేదు, కార్తీకమాసం. చెట్ల కింద పులిహోర గంగాళాలు, పాటల పెట్టెలు, తాడాట. సరిగ్గా అదే రోజు క్రైస్తవుల సమాధుల పండగ కూడా పడింది. కొండ మీది కాలనీ నుంచి కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని జనం ఇంకోవైపు దిగుతున్నారు.

ఎందుకంటే ఆ నీళ్ళ కింద ఊరుంది. స్వామి ఊరు. ప్రాజెక్టు వచ్చినప్పుడు మనుషులు పైన కట్టిన కాలనీకి ఎక్కారు, ఊరు కిందే ఉండిపోయింది. ఇప్పుడు దాని తాలూకు పైకి కనిపించేది ఆ స్తంభం కొస ఒక్కటే. సమాధుల దొడ్డి గేటు పక్కన ఉండే స్తంభం అది.

స్వామి యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కెమెరా బెల్టు ఒరుసుకుని మెడ మీద నల్లటి చార పడింది. చొక్కాకి జేబులెక్కువ, గుండీలు తక్కువ. కుడి కంట్లో పాలపొర దిగింది కాబట్టి ఇప్పుడు ఎడమ కన్ను పెట్టి తీస్తున్నాడు. దాంతో ముక్కు కెమెరాకి అడ్డమొచ్చి నలుగుతోంది. మోపెడ్ వెనక సీటు మీద బ్యాటరీ, చిన్న ప్రింటరు, పక్కన చెక్క బోర్డు మీద అంటించిన నమూనా ఫోటోలు. అదే ఆయన స్టూడియో. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. కాగితం మీద ఫోటో కావాలనుకునే వాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఆయనా ఉన్నాడు.

ఆ రోజు మాత్రం ఆయన కాళ్ళు నిలవడం లేదు. గేదెల దగ్గర్నుంచి గాలిపటాల దగ్గరికి, అక్కడ్నుంచి మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న నాజియా బండి దగ్గరికి. నాజియా బొగ్గుల మీద విసనకర్ర ఊపుతుంటే లేచిన నిప్పురవ్వల్ని ఒక ఫోటో తీసి, అది సరిగా వచ్చిందో లేదో చూసుకోకుండానే మళ్ళీ నడిచాడు.

"ఏందన్నా, కాలు గాలిన పిల్లిలాగా తిరగతన్నావ్ పొద్దుట్నుంచి?"

"గాలి చెల్లెమ్మా. గాలి ఎక్కువగా ఉంది."

"గాలి నాకూ తగలతానే ఉంది. నేను తిరగతన్నానా?"

స్వామి మళ్ళీ గాలిపటాల వైపు నడిచాడు. విషయం ఇదీ: వాళ్ళక్క మరియమ్మ ఆ సాయంత్రం హైదరాబాదు వెళ్ళిపోతోంది. చుట్టపుచూపుగా కాదు, పూర్తిగా. కూతురు వెన్నెల అక్కడ నర్సు. తల్లి మోకాళ్ళు చూసి, ఇక ఆ కాలనీలో ఒక్కదానివే వద్దని పట్టుబట్టింది. మామయ్యనీ తీసుకురా, కంటికి ఆపరేషన్ నేను చేయిస్తా అంది. మరియమ్మ బస్సుకి రెండు సీట్లు చెప్పించింది. స్వామి ఔననలేదు, కాదనలేదు. పెళ్ళీ పిల్లలూ లేని ఆయనకి అక్క తప్ప ఎవరూ లేరు. అక్క వెళ్ళిపోయాక ఎవరు వండిపెడతారు, కన్ను ముదిరాక ఎవరు దారి చూపుతారు? వెళ్ళాలనే ఉంది. కానీ ఎడమ కన్ను ఎత్తితే స్తంభం కనిపిస్తోంది.

మధ్యాహ్నం దాటాక ఆటో దిగింది మరియమ్మ. లావుపాటి మనిషి, తెల్లచీర, మెడలో జపమాల. రెండు సంచులు. ఒకటి తనది. ఇంకోటి నీలం రెక్సిన్ సంచి.

"నీ చొక్కాలు సర్దా," అంది రొప్పుతూ. "గుండీలు లేనియ్యి సర్దలా. అంటే సగం ఇంట్లోనే ఉన్నయ్."

"ఇప్పుడే ఎందుకక్కా..."

"మరెప్పుడురా? బస్సెక్కినాక సర్దమంటావా?"

సగానికి కోసిన నూనె డబ్బాలో ఇసుక పోసి కొవ్వొత్తి గుచ్చింది. స్వామి అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. ఇంకోటి గీశాడు, అదీ అంతే. తన చొక్కా ముందు భాగం రెండు చేతులా పట్టి గాలికి అడ్డం కాశాడు. ఈసారి మరియమ్మే వెలిగించింది. ఫాదర్ గారు పైన కాలనీలో సమాధుల్ని దీవించి ఇక్కడికి వచ్చేదాకా దాన్ని నిలబెట్టాలి.

ఇంతలో పిలుపు. "అంకుల్! ఫోటో తీస్తారా? ప్రింట్ ఇస్తారు కదా?"

నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మాయి, పేరు కీర్తి అట. పక్కన భర్త, చంకలో ఏడాదైనా నిండని పాప.

"అంకుల్, ఆ పోల్ మాత్రం పడకూడదు. బ్యాక్‌గ్రౌండంతా పాడు చేస్తోంది."

"పడదమ్మా. మీరు ఇటు రండి. ఇంకొంచెం. బాబూ, నువ్వు అరడుగు వెనక్కి. పాపనెత్తు... ఆఁ, అక్కడే!"

స్తంభం కొస పాప తల వెనక్కి పోయి మాయమైంది. నీళ్ళు, కొండలు, ముగ్గురు మనుషులు, అంతే.

"ఇటు తిరగండి, మొహం చూడనీయండి," అన్నాడు స్వామి. ఫోటో తీసేముందు ఎవరితోనైనా ఆయన అనే మాట అదే.

మోపెడ్ పక్కన స్టూలు మీద కూర్చున్న మరియమ్మ ఆ మాటకి తలెత్తింది.

అది అమ్మ మాట. చివరి రోజుల్లో అమ్మకి చూపు తగ్గిపోయింది. గుమ్మంలో కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్ళనీ ఆపేది. ఎవరమ్మాయివే, ఇటు తిరుగు, మొహం చూడనీ, అని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుకునేది. కోడికూర కన్నా కొత్త మొహం ఇష్టం ఆవిడకి.

మరియమ్మ ఏటా ఈ ఒడ్డుకి వచ్చేది, కొవ్వొత్తి వెలిగించేది, ఏడ్చేది, పోయేది. తమ్ముడి బోర్డు వైపు ఏనాడూ చూడలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి కదల్లేక, ఫాదర్ గారి కోసం ఎదురు చూస్తూ, చూసింది. గేదెలు, వెనక స్తంభం. పుట్టి మనిషి, వెనక స్తంభం. నాజియా పొగ, పొగలో స్తంభం. మనుషుల్ని నిలబెట్టి తీసిన ఫోటోల్లో మాత్రం అది లేదు. కొత్త జంటలు, కాలేజీ పిల్లలు, ముసలాళ్ళు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే రాయి పక్కన, వెనక అదే కొండ మలుపుతో.

స్వామి ప్రింటు ఇచ్చి వచ్చేసరికి ఆవిడ వేలు బోర్డు మీదుంది.

"వీళ్ళందర్నీ ఒకే కాడ నిలబెట్టావేందిరా?"

"స్తంభం కనపడకూడదంటారక్కా. అందుకని దానికి అడ్డం నిలబెడతా."

"అడ్డమా?"

స్వామి కెమెరా బెల్టు సర్దుకున్నాడు. "అడ్డమనుకో. ఎదురనుకో. అమ్మ ఆడే గదా ఉంది. వచ్చినోళ్ళనల్లా ఓసారి చూపిస్తే పోద్దని..."

మరియమ్మ వేలు బోర్డు మీద ఒక్కో ఫోటో మీదుగా జరిగింది. పాటల పెట్టెలో పాట మారింది. అప్పుడు ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. కాదు, నవ్వుతోంది.

"ఒరే తిక్క సన్నాసీ! వీళ్ళంతా నీ వైపు గదరా తిరిగుంది! ఇన్నేళ్ళూ అమ్మకి అందరి వీపులూ చూపించావా?"

స్వామి బోర్డు వైపు వంగి చూశాడు. నిజంగా ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. తర్వాత ఆయనకీ నవ్వు ఆగలేదు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే, నాజియా పొత్తు తిప్పడం మర్చిపోయి చూసింది. కొవ్వొత్తి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు.

నవ్వు తగ్గాక మరియమ్మ గొంతు మారింది. "సమాధులు తవ్వి కాలనీకి తీసకపోదామని అందరూ అన్నారు. నువ్వూ అన్నావ్. పడుకున్న మనిషిని లేపొద్దని నేనే అడ్డం పడుకున్నా. ఆ రోజు నోరు మూసుకునుంటే అమ్మ పైనే ఉండేది. నువ్వు ఇయ్యాల నాతో బస్సెక్కేవాడివి."

"నువ్వు నోరు మూసుకోటం ఎప్పుడు చూశాం గనక," అన్నాడు స్వామి. బస్సు సంగతి మాత్రం ఎత్తలేదు.

ఫాదర్ గారు వచ్చారు. పేరు పేరునా చనిపోయినవాళ్ళని తలుచుకున్నారు. ఆశీర్వదించిన నీళ్ళు ఆ నీళ్ళ మీదే చల్లారు. బంతిపూలు ఒడ్డునే తిరిగి తిరిగి రాళ్ళలో చిక్కుకున్నాయి. జనం సర్దుకున్నారు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"నాకో ఫోటో తియ్," అంది మరియమ్మ.

స్వామి ఉలిక్కిపడ్డాడు. ఒంటరిగా ఫోటో తీయించుకుంటే అది గోడకెక్కే ఫోటో అవుద్దని ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు. రాయి పక్కకి మెల్లగా నడిచింది. చెప్పకుండానే చోటు తెలిసినట్టు నిలబడింది. స్తంభం ఆవిడ తెల్ల కొంగు వెనక్కి పోయింది.

"ఇటు తిరగక్కా, మొహం..."

"నా మొహం అమ్మని చూడనీరా," అంది ఆవిడ, నీళ్ళ వైపే తిరిగి. "వీపు నువ్వు ఉంచుకో."

స్వామి ఎడమ కన్ను మూసి తెరిచాడు. తీశాడు.

ప్రింటరులో కాగితం మొదట పచ్చగా బయటికొచ్చి లోపలికి పోయింది. తర్వాత ఎర్రగా, తర్వాత నీలంగా. చివరికి నిగనిగలాడుతూ పూర్తి బొమ్మ వచ్చింది: విశాలమైన ఒక వీపు, జారిన ముడి, ఎదురుగా నీళ్ళు. మరియమ్మ దాన్ని అంచులు పట్టుకుని గాలికి ఆరనిచ్చింది. రమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. తమ్ముడి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఆ తెల్లబడ్డ కంట్లోకి చూసింది.

అప్పుడే చెట్ల కింది నుంచి కేకలు. భోజనాల వాళ్ళకి గ్రూప్ ఫోటో కావాలట, వెలుతురు పోతోందట. స్వామి వెళ్ళాడు. పిల్లలు కుదురుగా నిలబడరు, ఒకాయన కళ్ళు మూస్తాడు, ఒకావిడ మళ్ళీ పౌడరద్దుకుంటుంది. తీసి, వెనక్కి తిరిగేసరికి ఆటో ఎర్రలైటు కొండవాలు ఎక్కుతోంది.

స్టూలు మీద నీలం సంచి ఉంది. మర్చిపోయిందేమో అనుకుని పరిగెత్తాడు. "మర్చిపోలా అన్నా," అంది నాజియా. "ఆటోలోంచి తనే దించి పెట్టింది."

జిప్పు తీసే ఉంది. గుండీలున్న చొక్కాలన్నీ మడతల్లో ఉన్నాయి. వాటి మీద విప్పని కొవ్వొత్తుల పెట్టె, అగ్గిపెట్టె, తడి తగలకుండా పాలిథిన్ కవర్లో చుట్టి. వాటి పైన, గాలికి ఎగరకుండా జపమాల బరువు పెట్టి, ఆ ఫోటో.

బెల్లంకొండలో బస్సు ఇంకా కదిలి ఉండదు. మోపెడ్‌లో పెట్రోలుంది. స్తంభం మీదికి నీటికాకి తిరిగొచ్చింది. నూనె డబ్బాలో కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది, ఆ వెలుతురు సంచి మీద పడి కదులుతోంది. మీరైతే ఆ సంచిని ఎటు పట్టుకెళ్ళేవారు?