బల్ల కింది నునుపు

నేను ఒక బల్లను. నిజం చెప్పాలంటే ఒక బల్లలో మిగిలిన పలకను. నా తోటి పలకలు అమెరికాలోని బాల్టిమోర్ శివారు శ్మశానంలో మట్టి కింద ఉన్నాయి. చెమ్మా శిలీంధ్రాలూ కలిసి వాటిని ఈపాటికి ఏం చేసి ఉంటాయో నాకు తెలుసు. చెక్కను కనుక ఆ విషయంలో నాకు భ్రమలు లేవు.

పుట్టింది మేపుల్ చెట్టుగా. మిల్లులో గుండ్రని రంపం నన్ను పలకలుగా కోసింది. ఓడరేవు పక్క వీధిలో ఒక దర్జీ నన్ను గుడ్డలు కత్తిరించే బల్లగా చేయించుకున్నాడు. పట్టుగుడ్డ చిక్కుకోకూడదని పైవైపు అద్దంలా చిత్రిక పట్టించాడు. కింది వైపు ఎవరు చూస్తారులే అని వదిలేశాడు. రంపపు పళ్లు గీసిన వంపుగీతలూ, పేళ్లూ నా అడుగున అలాగే ఉండిపోయాయి. మనుషుల పొదుపు ఎప్పుడూ కనిపించని వైపు నుంచే మొదలవుతుంది.

దర్జీ దుకాణం మూతపడ్డాక నన్ను తెచ్చుకున్నది రబ్బీ నఖ్మాన్ ష్క్లార్ గారు. రబ్బీ అంటే యూదుల మతగురువు. లిథువేనియాలో పుట్టిన ఊరు విడిచి, భార్యాబిడ్డలతో ఓడ దిగి, ఇంగ్లీషులో మంచినీళ్లు అడగడం కూడా రాని రోజుల్లోనే పాఠాలు మొదలుపెట్టిన మనిషి. బడికి కట్టడం లేదు కనుక నేనే బడినయ్యాను. సాయంత్రాలు మగపిల్లలు నా చుట్టూ చేరి తాల్ముద్ చదివేవారు. అది వాళ్ల ధర్మశాస్త్ర చర్చల మహాగ్రంథం. అందులో నాకు నచ్చిన గుణం ఒకటుంది: ఓడిపోయిన వాదాన్ని కూడా చెరిపేయకుండా గెలిచినదాని పక్కనే ఉంచుతుంది.

వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు, ఊరూ పేరూ తెలియని వాళ్లు కూడా నా మీద భోంచేసేవారు.

“మీరు పిలిచినవాళ్లకైతే వండగలను. మీ వెనకాల వచ్చేవాళ్లకి ఎక్కడ తెచ్చి పెట్టనండీ?” అని గొణిగేది ఆయన భార్య ఫ్రూమా.

“నీ చారుకి ఆ భయం లేదులే. బావిలో నీళ్లున్నంత కాలం తరగదు” అనేవారు ఆయన.

ఆడపిల్లలకు తాల్ముద్ చెప్పడం వాళ్ల ఆనవాయితీ కాదు. అందుచేత రబ్బీ గారి కూతురు హిండా నా కిందికి చేరింది. మేజాగుడ్డ అంచుల వెనక మోకాళ్లు కావలించుకుని పాఠమంతా వినేది. పైన పిల్లలు తడబడితే కింద తను జవాబు గొణుక్కునేది. ఒకనాడు ఉత్సాహం పట్టలేక గబుక్కున తలెత్తింది. నా పేడు ఆమె నుదుటిని బరికింది. ఏడవలేదు, ఏడిస్తే దొరికిపోతుంది.

మర్నాడు తల దువ్వుతూ తల్లి అడిగింది. “ఇదేమిటే, ఈ గీత?”

“పిల్లి” అంది హిండా.

ఆ ఇంట్లో పిల్లి లేదు. పక్కనే చదువుకుంటున్న రబ్బీ గారు పుస్తకంలోంచి తలెత్తలేదు.

హిండా ఊళ్లోని ఇంగ్లీషు బడికి వెళ్లిన పూట ఆయన నన్ను తలకిందులు చేశారు. పొరుగింటి నుంచి పనిముట్టు అరువు తెచ్చి, ఆ పిల్ల కూర్చునే చోటికి సరిగ్గా పైన నన్ను చిత్రిక పట్టారు. పనితనం మహా నాసిరకం. ఒకచోట లోతుగా దిగింది, వేలు కూడా తెగింది. గరుకు కాగితంతో చాలాసేపు రుద్ది, చివరికి తన చెంప ఆనించి చూసుకుని, నన్ను మళ్లీ యథాస్థానంలో నిలబెట్టారు. ఆనాటి నుంచి ప్రతి పాఠమూ గొంతు పెంచి, రెండోసారి కూడా చెప్పసాగారు.

“మేమేమైనా చెవిటివాళ్లమా రబ్బీ గారూ?” అన్నాడు ఒక గడుగ్గాయి.

“నాకే వినపడటం లేదురా నాయనా” అన్నారు ఆయన.

ఆచారాన్ని కాదని కూతురిని పక్కన కూర్చోబెట్టుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది. కింద నుంచి లేపి పంపే మనసూ లేకపోయింది. ఈ రెంటికీ నడుమ ఆయనకు దొరికిన చోటు, నా అడుగున జానెడు.

హిండా పెద్దదై రసాయన శాస్త్రం చెప్పే టీచరు అయింది. దేవుణ్ణి వదిలేసింది కానీ తండ్రిని వదల్లేదు. వచ్చేది, ఆయన పక్కన కూర్చుని భోంచేసేది. లోపల ముల్లు మాత్రం అలాగే ఉండేది. ఒకసారి తమ్ముడు బెరెల్‌తో అనగా విన్నాను. “ఊళ్లో మగపిల్లలందరికీ చదువు చెప్పాడ్రా నాన్న. ఒక్కసారి కిందికి వంగి చూడలేదు.”

చెక్కకు నోరు లేకపోవడం ప్రకృతి నియమం. ఆ నియమం మీద నాకు కోపం వచ్చింది అప్పుడే.

వాళ్లలో ఒక పాత ఆచారం ఉంది. అతిథులకు అన్నం పెట్టిన బల్ల పలకలతో ఆ ఇంటి యజమానికి శవపేటిక చేయిస్తారు. పైలోకంలో ఆ బల్ల అతని తరఫున సాక్ష్యం చెబుతుందట. రబ్బీ గారు అదే కోరుకున్నారు.

“బల్ల సాక్ష్యం చెప్పదు నాన్నా. ఉత్త చెక్క అది” అంది హిండా.

“మరీ మంచిదమ్మా. నా తప్పులూ చెప్పదన్నమాట.”

ఒక శుక్రవారం ఉదయం ఆయన కన్నుమూశారు. పొద్దు వాలితే సబ్బాతు, ఆలోగా ఖననం జరగాలి. అంత్యక్రియలు చూసే సంఘంవాళ్లు పనిముట్లతో వచ్చారు. అప్పటికి తల నెరిసిన హిండా నా మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“ఇవ్వను.”

“అక్కా, నాన్న అడిగిందల్లా ఇదొక్కటే” అన్నాడు బెరెల్.

“నేనడిగింది మాత్రం ఏముందిరా? మీరంతా దీని మీద చదువుకున్నారు. నాకు మిగిలింది దీని కిందే. అది కూడా పూడ్చేస్తారా?”

బెరెల్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. “ఆ పెట్టెలో ఇనుము ఉండకూడదు. మేకులు మరీ ఎక్కువుంటే పీకేటప్పుడు పలకలు చీలిపోతాయి, వీళ్లే వద్దంటారు. ఒకసారి తిప్పి చూడనీ అక్కా.”

ఆ ఆశతోనే ఆమె ఒప్పుకుంది. నన్ను తలకిందులు చేశారు. కిటికీ వెలుతురు నా అడుగున ఏటవాలుగా పడింది. మేకుల కోసం వంగిన హిండా చెయ్యి ఒకచోట ఆగింది. అంతటా రంపపు గీతలు, అక్కడ మాత్రం లేవు. ఆమె అరచేత్తో తడిమింది. వెనక్కి వెళ్లి గరుకును, మళ్లీ వచ్చి నునుపును తడిమింది. ఫలితాన్ని రెండుసార్లు సరిచూడకుండా నమ్మే మనిషి కాదు. వడ్రంగి చెయ్యి అంత వంకరగా చెక్కదు. ఆ లోతుగా దిగిన చోట వేలు ఉంచింది.

“దీన్ని నిలబెట్టండి” అంది.

నిలబెట్టారు. ఆమె ఎవరి వంకా చూడకుండా మోకాళ్ల మీద వంగి, పాకి, నా కిందికి వచ్చింది. నా అడుగుకు చెంప ఆనించింది.

“బెరెల్!” అన్న పిలుపు కింద నుంచి వినబడింది. “నాన్నకి తెలుసురా.”

“ఏం తెలుసు?”

“పిల్లి లేదని.”

చాలాసేపటికి బయటికి వచ్చింది. లేవడానికి తమ్ముడు చెయ్యి అందించాడు. “తీసుకెళ్లండి. ఈ నున్నటి చోటు మాత్రం లోపలివైపు రావాలి. నాన్న తల కింద.”

పెట్టెకు సరిపోగా మిగిలినదాన్ని నేను, నునుపు అంటని పలకను. ఇప్పుడు హిండా వంటింట్లో గోడకు బిగించిన అరగా ఉన్నాను. పైన న్యాయస్థానం ఉందో లేదో, అక్కడ బల్లలను పిలుస్తారో లేదో నాకు తెలియదు. ఉన్నదని రుజువు దొరికేవరకు నమ్మను. మేము హిండా ముందు సాక్ష్యం చెప్పింది మాత్రం నిజం. వినవలసిన ఇద్దరిలో ఒకరు అప్పటికే వెళ్లిపోయారు.

అప్పుడప్పుడు హిండా పొయ్యి కట్టేసి, అలవాటుగా నా అడుగున వేళ్లతో తడుముతుంది. పేడు గుచ్చుకుంటుంది. చిత్రిక పట్టిస్తానని బెరెల్ అంటాడు, ఆమె ఒప్పుకోదు. గుచ్చుకున్న వేలును నోట్లో పెట్టుకుంటుంది. ఏమైందని ఎవరైనా అడిగితే, “పిల్లి” అంటుంది.