తెల్ల పర్దా

మా ఆయన కొండల్‌కు తెలివి లేదని నేననను. ఉంది. కాకపోతే అవసరమైనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. ముప్పై ఏళ్లు సర్కారీ డెయిరీలో పాలవ్యాను నడిపి, రిటైరైన ఆరు నెలలకు ఒక పాత స్కూలు వ్యాను కొనుక్కొచ్చాడు. పసుపు మీద నీలంరంగు వేయించాడు గాని, ఎండలో నిలబెడితే బడి పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. వెనక సీట్లు పీకేసి ఒక చెక్కమంచం, దాని కింద సామాన్ల పెట్టె, ఒక చిన్న ఫ్యాను బిగించి దాన్ని క్యాంపర్ వ్యాను అన్నాడు. మొఘల్‌పురా గల్లీలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. జనం మాత్రం ఐస్‌క్రీం బండి పెడుతున్నాడనుకున్నారు.

ఇదంతా నా కోసమేనట.

నాకు ఎండ పడదు. రెండేళ్ల కింద మొదలైంది. ఎండ తగిలిందంటే మొహం మీద, చేతుల మీద దద్దుర్లు, సాయంత్రానికి జ్వరం, మర్నాడు వేళ్లు ముడుచుకోవు. డాక్టరమ్మ మందులు రాసి, ఎండలోకి పోవద్దని చెప్పింది. అంతకుముందు పాతికేళ్లు నేను పూలదండలు కట్టాను. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చి, ఎనిమిదింటికల్లా అరుగు మీద కూర్చునేదాన్ని. ఈ చుట్టుపక్కల పెళ్లిపీటల మీద కూర్చున్నవాళ్లలో గాని, పాడె మీద పడుకున్నవాళ్లలో గాని నా దండ వేసుకోనివాళ్లు తక్కువ. ఇప్పుడు తలుపు సందులోంచి గల్లీని చూస్తాను.

ఒకనాడు బుద్ధి గడ్డి తిని ఆయనతో ఒక మాట అన్నాను. పాతికేళ్లు చేవెళ్ల చామంతులు కట్టాను గాని, చామంతి తోట పగటిపూట ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదని. ఆ మాట పట్టుకునే వ్యాను వచ్చింది. నేను పోతానని మాత్రం అనలేదు. ఎండ వేళ వ్యాను లోపల పెనం, కిందికి దిగితే పొయ్యి. వ్యాను పక్కన నీడ ఉంటే వస్తావా అని అడిగాడు. ముందు తెచ్చి చూపించమన్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం. భయమని చెబితే ఆయన జాలిపడతాడు. ఆయన జాలికంటే ఎండే నయం.

నీడ కోసం వెతకడం ఒక మనిషిని ఇంత మూర్ఖుణ్ణి చేస్తుందని నాకు తెలియదు. నెల రోజులు ఫోను మొహానికి అతుక్కునే ఉంది. ఏ దేశపు వాళ్లో సముద్రం ఒడ్డున వ్యాను ఆపి మీట నొక్కుతారు. పక్కనుంచి నీడనిచ్చే పర్దా దానంతటదే బయటికొస్తుంది. అలాంటిదే కావాలని మలక్‌పేటలో కార్ల సామాన్లు అమ్మే దుకాణానికి పోయాడు. అక్కడ ఒక పొడుగాటి పెట్టె చూపించారు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. దాన్ని పైకప్పుకు ఒక పక్కన బిగించాలి. పాత బండి, రేకు ఆగదని దుకాణంవాడే చెప్పాడట. మా ఆయన నమ్మలేదు. ఇంటికొచ్చి పైకప్పు మీద బియ్యం బస్తా ఎక్కించి చూశాడు. సొట్ట పడింది. వానొస్తే ఇప్పుడు అందులో పిచ్చుకలు నీళ్లు తాగుతాయి.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాడు. వ్యాను వెనక తలుపుకు తగిలించే డేరా, గుండ్రంగా మడిచి సంచిలో పెట్టింది. ఇంట్లోనే సంచి విప్పాడు. ఫట్టున తెరుచుకుని గదంతా నిండింది. దేవుడి ముందు దీపం పడిపోయింది. తెరవడానికి క్షణం పట్టింది, మడవడం మాత్రం ఎవరికీ రాలేదు. రెండు గంటలు దానితో కుస్తీ పట్టి, చివరికి దాని మీదెక్కి కూర్చుని నన్ను పిలిచాడు. నేను వంటింటి తలుపు వేసుకున్నాను.

మూడోది నా తమ్ముడు వైకుంఠం సలహా. వాడికి టెంటు హౌసుంది; అందుకని ఆకాశం కింద ఎక్కడ నీడ ఉన్నా తనదే అనుకుంటాడు. షామియానా చాలు బావా అని గుంజలు, తాళ్లు, మేకులు పంపాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గాని, వీడు అడగకుండానే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కూడా పెట్టాడు. షామియానా వేయడానికి ముగ్గురు మనుషులు, ముప్పావుగంట. సిమెంటు గల్లీలో మేకు దిగలేదు. ఆ ముప్పావుగంట నేనెక్కడ ఉండాలని అడిగాను. వ్యాన్లో ఉండమన్నాడు. వీడికి చదువు రాలేదని మా బాపు ఊరికే బాధపడలేదు.

అప్పుడు నేనే షరతు పెట్టాను. ఒక్క మనిషి, నేను వంద లెక్కపెట్టేలోపు, నీడ వేయాలి. వందలోపు వేస్తే వస్తాను. నీడ పైన ఒక్కటే కాదు, పక్కన కూడా ఉండాలి. ఎండ నెత్తి మీద నుంచే వస్తుందనుకునేవాళ్లు ఎండను సరిగా చూడనివాళ్లు. పొద్దున, సాయంత్రం అది వంగి, పక్కనుంచి దూరుతుంది. రెండేళ్లుగా తలుపు సందులో దాని రాకపోకలు చూస్తున్నదాన్ని, ఆ సంగతి నన్నడగాలి.

గౌస్ భాయ్ దగ్గరికి పంపింది కూడా నేనే. దుకాణాల ముందు కట్టే పర్దాలు కుట్టే మనిషి. నేను అరుగు మీద కూర్చున్నన్నాళ్లూ నా నెత్తి మీద ఉన్న పర్దా ఆయన కుట్టిందే. ఈ నెలలో నాకు తిట్టబుద్ధి కాని మనిషి ఆయనొక్కడే. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి రెండే మాటలు అడిగాడు. తెరిచేది ఎన్ని చేతులు, కూర్చునేది ఏ వేళప్పుడు. మలక్‌పేట దుకాణంవాడు గాని, నా తమ్ముడు గాని, ఆ ఫోను గాని ఈ మాటలు అడగలేదు.

వారంలో మందపాటి కాన్వాసు కుట్టి తెచ్చాడు. దాని ఒక అంచు వ్యాను పైఅంచున బిగించిన సన్నటి అల్యూమినియం పట్టీలోకి దూరుతుంది. రెండో అంచుకు పైపు, పైపుకు మడిచే కాళ్లు రెండు. ఒక్కో కాలికి నీళ్లు నింపిన డబ్బా తగిలిస్తే గాలికి లేవదు, మేకులతో పనిలేదు. పక్కకు దించుకోవడానికి ఒక తెర. మొత్తం చుట్టేస్తే చాపంత. తెల్లగుడ్డ అయితే వేడి పట్టదని పైన తెలుపు, లోపల నీలం అస్తరు వేశాడు. గుడ్డ కింద పొయ్యి వెలిగించొద్దు, దూరంగా పెట్టుకోండి అని చెప్పాడు. అంచుకు ఎర్ర, పచ్చ కుచ్చుల ఝాలరు కుడతానని మూడుసార్లు అడిగాడట. ఫాల్తూ అని మా ఆయన మూడుసార్లూ వద్దన్నాడు. తెల్లగుడ్డకు ఝాలరు ఎందుకుండాలో ఈ గల్లీల్లో బతికే ఎవరికైనా తెలుసు. ముప్పై ఏళ్లు పాల ప్యాకెట్లు తప్ప ఇంకేమీ చూడనివాడికి తెలియదు.

ఆదివారం పొద్దున ఆరింటికి ఆయన ఇంటి ముందు వ్యాను ఆపి పర్దా వేశాడు. నేను తలుపు వెనక నిలబడి లెక్కపెట్టాను. తొంభై ఒకటికి నీడ పడింది.

ఎంతయిందని అడిగాడు. నూట రెండు అన్నాను.

తొంభై ఒకటి అంటే పోవాల్సి వస్తుంది. ఇంతమందిని మూర్ఖులని తిట్టాను గదా, ఆ క్షణంలో నాకంటే పిరికిది గల్లీలో లేదు. ఆయన మొహం వాడిపోయింది. అయినా పర్దా తీయలేదు. నీడ ఎటు జరుగుతుందో చూస్తానని వైకుంఠం కుర్చీలు నాలుగు దాని కింద వేశాడు. చాయ్ కోసం, గౌస్ భాయ్ చెప్పినట్టే, పర్దాకు దూరంగా మా గడప పక్కన కుంపటి పెట్టాడు. బొగ్గులు అంటుకోకపోతే ఒక పిడక రాజేశాడు. తర్వాత నూట రెండు గుర్తొచ్చింది కాబోలు, చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు మీరే చూడండి. ఇంటి ముందు తెల్లటి పర్దా, పెళ్లిళ్లకు కట్టేదానికుండే ఝాలరు లేదు. కింద ఖాళీ కుర్చీలు, వాటి వీపున పెద్దక్షరాలతో వైకుంఠం అని పేరు. గడప పక్కన పిడక పొగ. చెంపకు చెయ్యి పెట్టుకున్న మగాడు. జబ్బు చేసి రెండేళ్లుగా బయట కనిపించని ఇల్లాలు. ఇంట్లో శవం ఉందని మా గల్లీలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

గల్లీలోకి ఎండ దిగే వేళకు అందరికంటే ముందు వచ్చింది సక్కుబాయి. నాలుగిళ్ల అవతలే ఉంటుంది. ఈ రెండేళ్లలో నా గడప ఒక్కసారి తొక్కింది, అదీ చింతపండు కోసం. ఇప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. తలుపు వెనక నాకు ప్రతి మాటా వినిపించింది.

"ఎప్పుడైందన్నా?"

"పొద్దుగాల ఆరింటికి, చెల్లె. నెల రోజుల సంది మస్తు తిప్పలు పెట్టింది. ఇయ్యాల అయిపోయింది."

"మాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్పేటిదేముంది? అందరు చూస్తరనే బయట పెట్టిన."

సక్కుబాయి వ్యాను వైపు తిరిగి దండం పెట్టింది.

"ఎప్పుడు తీస్తరు?"

"పదకొండింటికి తీసేస్త. ఎక్కువసేపు ఉంచితే గల్లీల లొల్లైతది."

మా దగ్గర శవాన్నీ తీస్తారు, పర్దానూ తీస్తారు. ఆమె ఒకటి అడిగింది, ఆయన ఇంకొకటి చెప్పాడు. నేను అక్కడే తలుపు తెరిచి ఆపొచ్చు. ఆపలేదు. నేను పోతే ఈ గల్లీ ఏం చేస్తుందో చూడాలనిపించింది. ఆ అవకాశం అందరికీ దొరకదు.

పావుగంటలో నలుగురు ఆడవాళ్లు పోగయ్యారు. నా చెయ్యి మంచిదన్నారు. నా దండ మర్నాటికి కూడా వాడేది కాదన్నారు. నేను కూర్చున్నన్నాళ్లూ మూర తక్కువైందని పోట్లాడినవాళ్లే. తన పర్దా చూసి ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాక మా ఆయన అందరికీ కుర్చీలు చూపిస్తున్నాడు. మందుల దుకాణం పక్కన పూలు అమ్మే చోటికి పోయిన సక్కుబాయి దండతో తిరిగొచ్చి, తల ఎటు పెట్టారని అడిగింది. ఎవరి తల అన్నాడు ఆయన.

అప్పుడు తలుపు సందులోంచి ఆ దండ చూశాను.

నన్ను చచ్చిందనుకున్నందుకు నాకు కోపం రాలేదు. దండ చూస్తే వచ్చింది. నిన్నటి చామంతులు, వాడినట్టు తెలియకుండా నీళ్లు చల్లారు. మూడు పూలకొక ముడి పడాల్సిన చోట ఆరు పూలకొకటి. నడుమ దారం బయటికి కనిపిస్తోంది. పాతికేళ్లు ఈ గల్లీలో ప్రతి శవానికీ, బతికుండగా నన్ను పలకరించనివాళ్ల శవాలకు కూడా, తాజా పూలు ఒత్తుగా కట్టి పంపాను. నాకు ఇదా?

తలుపు తెరిచి బయటికి నడిచాను. మా గడపకూ పర్దా నీడకూ మధ్య రెండడుగుల ఎండ ఉంది. దాన్ని దాటానని నీడలోకి వచ్చాక గాని తెలియలేదు.

ఒకామె కెవ్వుమంది. ఇద్దరు పక్కింటి అరుగెక్కారు. సక్కుబాయి మాత్రం కదల్లేదు. నా చెయ్యి పట్టుకుని చూసింది. వెచ్చగా ఉందని తెలిశాక ఇంకా గట్టిగా ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. నోటిదాకా వచ్చిన తిట్లకు ఆ ఏడుపు అడ్డుపడింది, అది నాకు నచ్చలేదు. అయినా తిట్టాను.

"నా సావుకు గీ దండనా సక్కూ? గిది మేకపిల్ల గూడ మెడల ఏస్కోదు, తినేస్తది."

కుర్చీలో కూర్చుని దండ ఒళ్లో వేసుకుని ముడులన్నీ విప్పాను. ఇంట్లోంచి దారం తెమ్మంటే సక్కుబాయే తెచ్చింది. పనికొచ్చే పూలు సగమే తేలాయి. వేళ్లు మొదట మొరాయించాయి, తర్వాత వాటికే గుర్తొచ్చింది. అరుగెక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చి కూర్చున్నారు. మా ఆయన అదే కుంపటి మీద అందరికీ చాయ్ కాచాడు. ఎండ వంగి పక్కనుంచి నా మోచేతి దాకా రాబోతుంటే, ఏమీ అడగకుండా లేచి పక్క తెర దించాడు. నెల రోజుల్లో ఆయన నేర్చుకున్న ఒక్క మంచి పని అది.

దండ ముగిసేసరికి గంట దాటింది. చేతులు తిప్పి చూసుకున్నాను. ఎక్కడా ఎర్రబడలేదు. నాకు సంతోషమేసింది. దాన్ని మొహం మీదికి రాకుండా ఆపుకోవడం చేతకాలేదు.

ఆ దండను వ్యాను ముందు అద్దం కింద కట్టించాను. సక్కుబాయి ముక్కు తుడుచుకుని, దండ వంకా నా వంకా చూసి, "మరి ఎప్పుడు తీస్తరు వదినె?" అంది. ఈసారి అడిగింది బండి ఎప్పుడు బయల్దేరుతుందని.

మా ఆయన తల వంచుకున్నాడు. పాపం, ఆయన లెక్కలో ఇంకా నూట రెండే ఉంది.

"రేపు ఐదింటికి తీస్తం. చామంతులు తెంపకముందే చేవెళ్ల చేరాలె," అన్నాను. తర్వాత ఆయన వైపు చూడకుండా చెప్పాను. "పొద్దుమీకేలోపు గౌస్ భాయ్‌తోని ఝాలరు కుట్టియ్యి. అది నూట రెండు గాదు, తొంభై ఒకటి."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తెలివి ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాలి గదా.