గోరంత అతుకు

దుప్పటిని రెండు చేతులా పట్టుకుని దీపానికి ఎదురుగా ఎత్తితే దాని వయసు తెలిసిపోతుంది. అంచుల దగ్గర నేత ఇంకా గట్టిగానే ఉంటుంది. మనుషులు నెలల తరబడి పడుకున్న నడిమి భాగమే పలచబడి, జల్లెడలోంచి వచ్చినట్టు వెలుతురు వస్తుంది. అలాంటి దుప్పటిని ఆమె పారేయనివ్వదు. నిలువునా మధ్యకి చీల్చి, గట్టి అంచులు రెండూ నడిమికి వచ్చేలా తిప్పి కలిపి కుడుతుంది. అరిగిన భాగం పక్కలకి పోయి పరుపు కిందికి మడతలో దాక్కుంటుంది. దుప్పటికి ఇంకో రెండేళ్ళ ఆయుష్షు. కుట్టు మాత్రం వీపుకి తగలకూడదు. "రోగికి అతుకు తెలిసిందంటే అది అతుకు కాదు, ఇంకో రోగం" అని కొత్తగా చేరినవాళ్ళకి చెబుతూ ఉంటుంది.

అందుకే ఆసుపత్రి మొత్తానికీ ఆమె అతుకులక్క. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. యాభై ఆరేళ్ళ మనిషి. కుడి చూపుడువేలి కొస సూదిపోట్లకి బండబారిపోయింది. వేడి టీ గ్లాసు పట్టుకున్నా ఆ వేలికి తెలియదు. నేలమాళిగలో బట్టల గది ఆమెది. కిటికీ లేదు. గోడకి అవతల ఉతుకుడు గది, అందులో రాక్షసుల్లా తిరిగే యంత్రాలు. ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కాబట్టి చలికాలంలో అందరికీ అతుకులక్క మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది.

కుట్టుమిషను పక్కన, దూది పీచు పడకుండా గుడ్డ కప్పిన పాత టేప్ రికార్డరు ఒకటి ఉంది. దాంట్లో ఒకే ఒక్క కేసెట్టు. పొలం పాటలూ, పడవ పాటలూ, జోలపాటలూ తీసుకుని వాటికి ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్సూ తగిలించి పాడిన ఒక మనిషి మొదటి కేసెట్టు అది. ఆ రోజుల్లో ఆయన్ని అందరూ గిటారన్న అనేవారు. ఇప్పటి పిల్లలు గిటారు తాత అంటున్నారు. అతుకులక్కకి మాత్రం అన్నే. ఆయన కచేరీలకి పదకొండు సార్లు వెళ్ళింది. రెండుసార్లు వానలో తడిసింది, ఒకసారి చెప్పు పోగొట్టుకుంది. ఆ చెప్పు గురించి ఇప్పటికీ గొప్పగానే చెబుతుంది.

కేసెట్టు రెండో వైపు చివరి పాటంటే ఆమెకి ప్రాణం. మిగతావాళ్ళెవరికీ అది గుర్తు కూడా లేదు. తర్వాత ఏ కేసెట్టులోనూ రాలేదు, ఏ కచేరీలోనూ ఆయన పాడలేదు. ఒక ఒంటరి మనిషి ఇల్లు సర్దుకుంటూ పాడుకునే పాట.

"దీపం సన్నం చేశా, కుండలో నీళ్ళు నింపా, నువ్వు రావని తలుపు తీసే ఉంచా."

ఆ 'రావని' దగ్గర ఆయన గొంతు చిన్నగా గెంతుతుంది. ఏడుపుని మింగుతున్నట్టు ఒక్క క్షణం తాళం తప్పి మళ్ళీ అందుకుంటుంది. ఇన్ని వేల దుప్పట్లు ఆ గెంతు కోసం ఎదురుచూస్తూ కుట్టినవే. రారని తెలిసీ తలుపు తీసి ఉంచడమంటే మాటలా అనుకుంటుంది ఆమె.

ఈ ఒక్క మాట మీద చెల్లెలికీ తనకీ జీవితకాలపు తగువు. చెల్లి తనకన్నా ఐదేళ్ళు చిన్న. కేసెట్టు కొన్నది ఇద్దరూ కలిసే. "రావని కాదక్కా, రావాలని. రాడని తెలిస్తే తలుపు తీసి ఉంచడమేంటి, అర్థముందా?" అనేది చెల్లి. "అదే కవిత్వం. నీకు తెలీదు" అనేది ఈమె. "నీ చెవుల్లో దూది పోయింది" అనేది చెల్లి. నవ్వుకునే తగువే. పదకొండేళ్ళ కిందటి వరకూ.

ఈ ఐదు రోజులుగా గిటారన్న ఇదే ఆసుపత్రిలో ఉన్నాడు. మూడో అంతస్తు, పన్నెండో గది. గేటు దగ్గర పూలు పట్టుకుని జనం. నర్సులు వంతులు వేసుకుని ఏదో వంకన ఆ గదిలోకి తొంగిచూసి వస్తున్నారు. అతుకులక్క మాత్రం పైకి వెళ్ళలేదు. "ఏంటక్కా, ఇన్నేళ్ళ పిచ్చీ వదిలిపోయిందా?" అని అడిగాడు మూటలాయన. ఉతుకుడు గదిలో మాసిన బట్టల మూటలు విప్పేది అతనే. యంత్రాల హోరుకి సగం చెవుడొచ్చి, ఎదుటివాడికీ చెవుడే అనుకుని అరుస్తాడు. "దేవుడు పై వాటాలోకి అద్దెకి దిగితే వెళ్ళి ఏమడుగుతాం, నీళ్ళు సరిగా వస్తున్నాయా అనా?" అంది ఆమె.

నిజానికి అడగవలసింది ఆమెకి తెలుసు. అందుకే వెళ్ళలేదు.

ఆ ఉదయం మూటలాయన ఒక కళ్ళజోడు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. దుప్పట్లలో మనుషులు మరిచిపోయే వస్తువులకి ఆమె దగ్గర ఒక సొరుగు ఉంది. కట్టుడు పళ్ళు, వాచీలు, ఎవరో పాప రిబ్బను. ప్రతిదానికీ గది నంబరు రాసి చీటీ కట్టాలి. నెల రోజులు చూసి, ఎవరూ రాకపోతే 'రారు' అని రాసి స్టోరుకి పంపాలి. అది నిబంధన. ఆమె మాత్రం మొదటి రోజే 'రారు' అని రాసేస్తుంది. ఎవరైనా వస్తే కొట్టేయవచ్చు, అదేం పెద్ద పని కాదంటుంది. కొట్టేయవలసిన అవసరం పెద్దగా రాలేదు కూడా. కళ్ళజోడుకీ చీటీ కట్టి, 'రారు' రాసి, సొరుగు మూసింది.

పది గంటలకి ఒకమ్మాయి మెట్లు దిగి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నిద్రలేని కళ్ళు. చేతిలో వెడల్పాటి తోలు పట్టీ. గిటారుని భుజానికి తగిలించుకునే పట్టీ అది. ఒక కొస కుట్లు ఊడి వేలాడుతోంది.

"మీరేనా అతుకులక్క? నర్సు చెప్పింది. నాన్న గిటారు కావాలంటున్నారు. పట్టుకునే ఓపిక లేదు, మెడలో వేసుకుంటారట. దీన్ని కుట్టగలరా?"

ఆ పట్టీ ఆమెకి తెలుసు. పదకొండు కచేరీల్లో చూసింది. చెమటకి నల్లబడి, భుజం మీద ఆనే చోట అద్దంలా మెరుస్తోంది. "ఇలా ఇచ్చి వెళ్ళండి, గంటలో నేనే తెస్తాను" అంది. నేనే అన్నమాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

మిషను వాడలేదు. మైనం రాసిన దారంతో, పాత సూది రంధ్రాల్లోంచే, ఒక్కో కుట్టూ చేత్తో వేసింది. దారం రెండుసార్లు తెగింది. ఇరవై ఏళ్ళలో ఆమె దారం తెగడం మూటలాయన చూడలేదు.

పన్నెండో గదిలో ఆయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముక్కులో గొట్టం. వేదిక మీద అంత పొడవు కనిపించే మనిషి దుప్పటి కింద ఇంతేనా అనిపించింది ఆమెకి. దుప్పటి చూసింది. తను కుట్టినదే. ఆయన పట్టీ అందుకుని కొస మీద బొటనవేలు నెమ్మదిగా నడిపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ నడిపాడు.

"అతుకెక్కడమ్మా?"

అంతకన్నా పెద్ద మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఆ ధైర్యంతోనే అడిగేసింది. మొదటి కేసెట్టు, రెండో వైపు, చివరి పాట. రావనా, రావాలనా?

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది.

"అది గుర్తున్నవాళ్ళు ఉన్నారా?" అన్నాడు. "రావాలని తల్లీ. రానివాళ్ళ కోసం తలుపు తీసి ఉంచితే దొంగలొస్తారు." తన హాస్యానికి తనే నవ్వబోయి దగ్గాడు. కూతురు నీళ్ళు తాగించింది.

"మరి అక్కడ మీ గొంతు గెంతుతుంది కదన్నా? చిన్నగా, ఏడుపు మింగినట్టు?"

"గెంతడమా? గెంతే పాట కాదమ్మా అది. అక్కడ నిలబడాలి." వేలితో దుప్పటి మీద తాళం వేస్తూ, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో అక్షరం పెట్టుకుంటూ పాడాడు. "రా... వా... ల... ని."

ఏ గెంతూ లేదు. మాట నిండుగా ఉంది.

మెట్లు దిగుతూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది. కేసెట్టు కొన్న వారానికే చెల్లి దాన్ని రికార్డరులోంచి పట్టి లాగితే టేపు లోపల చుట్టుకుని నలిగిపోయింది. చెల్లి ఏడుపు. అప్పుడు తనకి పంతొమ్మిదేళ్ళు. కత్తెరతో నలిగిన చోట గోరంత ముక్క కత్తిరించి, రెండు కొసలూ జిగురు కాగితంతో కలిపి, పెన్సిలు గుచ్చి తిప్పింది. పాట మళ్ళీ పాడింది. అది ఆమె జీవితంలో మొట్టమొదటి అతుకు. చూశావా, తెలియను కూడా తెలియదు అని చెల్లెలి ముందు ఎంత మురిసిపోయిందో.

ఆ గోరంత ముక్కలో ఒక అక్షరం పోయింది. ఇన్నేళ్ళూ ఆయన గొంతనుకుని ఆమె ప్రాణం పెట్టుకున్న ఆ గెంతు, తన కత్తెర.

మిషను ముందు కూర్చుంది కానీ చక్రం తిప్పలేదు. పోయింది అక్షరం ఒక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేది. పదకొండేళ్ళ కిందట అమ్మ ఇదే ఆసుపత్రిలో మూడు రోజులు మంచం మీద ఉంది. చెల్లి ఊరు ఎనిమిది గంటల దూరం. చిన్నపిల్లలు, కొత్త ఉద్యోగం. ఎలాగూ రాదు, ఎందుకు కంగారు పెట్టడం అనుకుని కబురు చేయలేదు. అంతా అయిపోయాక చేసింది. చెల్లి వచ్చి గుమ్మంలోనే నిలబడి ఒక్కటే మాట అడిగింది. "నేను రానని నీకెవరు చెప్పారు?" సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఈమె రమ్మననూ లేదు. ఎలాగూ రాదని.

రెండు గంటలకి ఫోను తీసింది. చాలాసేపు మోగింది.

"అక్కా? ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?" చెల్లి గొంతులో భయం. ఎవరైనా పోతే తప్ప అక్క ఫోను చేయదు.

"ఎవరికీ ఏం కాలేదు. నువ్వే గెలిచావ్."

"ఏంటి?"

"రావాలని."

అటువైపు కుళాయి చప్పుడు ఆగింది.

"ఎవరు?" అంది చెల్లి. "ఎవరు రావాలని?"

పాటలో అనబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వు" అంది. "నువ్వు రావాలని."

అటువైపు కుర్చీ లాగిన చప్పుడు వినబడింది.

"ఆ ముక్క నా దగ్గరే ఉందక్కా" అంది చెల్లి. "నువ్వు కత్తిరించి పారేసిన ముక్క. నా కంపాసు పెట్టెలో దాచా."

"మరి ఎప్పుడూ చూపించలేదేం?"

"నీ అతుకు కనబడుతోందని నీ మొహం మీద ఎవరంటారు?"

అతుకులక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అమ్మప్పుడు నేను..."

"ఫోన్లో వద్దు." చెల్లి ముక్కు ఎగబీల్చింది. "తలుపు తీసే ఉంటుందా?"

"గడియ ఊడి ఏడాదైంది. మూసినా తీసే ఉంటుంది."

చెల్లి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "చూస్తాలే" అని పెట్టేసింది. ఆ మాటలో వస్తానని ఉందా, రానని ఉందా అని ఆమె చాలాసేపు ఆలోచించింది. తేల్చుకోలేక దుప్పటి అందుకుంది.

నాలుగు గంటలకి మూటలాయన వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. అరవలేదు.

దుప్పట్లు మార్చేది పొద్దున్నే. పొద్దున మార్చిన దుప్పటి సాయంత్రంలోపు మళ్ళీ కిందికి వచ్చిందంటే దానికి ఒక్కటే అర్థమని నేలమాళిగలో పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. అతని చేతిలో మూట. దానికి వేలాడుతున్న చీటీ మీద మూడు, పన్నెండు.

"దీంట్లో ఇది ఉందక్కా" అన్నాడు మెల్లగా. తోలు పట్టీ.

ఆమె పైకి పరుగెత్తింది. గది ఖాళీగా ఉంది. పరుపు మడిచేశారు. కూతురు బండి వెంట వెళ్ళిపోయిందట. నర్సు చెప్పింది. మూడింటికి గిటారు ఒళ్ళో పెట్టించుకున్నారట, పట్టీ మెడలో వేయించుకున్నారట. తీగ ముట్టుకోలేదట. తీసేటప్పుడు పట్టీ మంచం మీద పెట్టారు, హడావుడిలో ఎవరూ చూసుకోలేదు.

కిందికొచ్చి, ఆ మూటని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తన అన్న పోయాడని ఏడ్చింది. అమ్మ కోసం కూడా అప్పుడే ఏడ్చింది. బట్టల గదిలో ఏడిస్తే తుడుచుకోవడానికి కొదవ లేదు. మూటలాయన గోడ వైపు తిరిగి, అవసరం లేని దుప్పట్లు మడతపెడుతూ నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళే వేళయింది. చీటీ తీసింది. గది నంబరు రాసింది. తర్వాత 'రా' అని రాసింది. ఇన్నేళ్ళ అలవాటున చెయ్యి రెండో అక్షరం వైపు వెళ్ళబోతే ఆపింది. కాసేపు చీటీ వంకే చూసి, ఇంకో రెండు అక్షరాలు చేర్చింది.

పట్టీని సొరుగులో పెట్టలేదు. గుమ్మం పక్కన, లోపలికి వచ్చేవాళ్ళకి ముందుగా కనబడే మేకుకి తగిలించి, దీపం ఆర్పి వెళ్ళింది. నల్లబడిన ఆ తోలు పట్టీ కొసన చీటీ వేలాడుతూ ఉంది: మూడో అంతస్తు, పన్నెండో గది, రావాలి.