చూసినవాళ్లకే తెరుచుకునే తలుపు

వీధి తలుపు పక్కనున్న చెప్పుల స్టాండు మీద లెక్కల టీచరు తన పాత కంప్యూటరు పెట్టుకుంది. పొద్దున్నే లేచి దాని మీది దుమ్ము తుడిచాకే స్టవ్ వెలిగించేది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమె మాట గుసగుసకు మించి పైకి రావడం లేదు. వెనక బెంచీకి వినపడని టీచరుతో ఏం పనని బడివాళ్లు సెలవిచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు.

"పాఠాలు సైటులో పెట్టమ్మా. కమిటీకి నచ్చితే ఇంటి నుంచే చెబుదువుగాని" అన్నాడు హెడ్మాస్టరు.

ఆ మాట పట్టుకుని, భిన్నాల నుంచి బీజగణితం దాకా అన్నీ తనే రాసింది. తనే సైటు కట్టి, ఆ కంప్యూటరు మీదే నడిపింది.

సైటు మొదలైన రోజు నుంచీ, ఎక్కడ ఎవరు దాన్ని తెరిచినా ఇంటి వీధి తలుపు తెరుచుకునేది. వాళ్లు చూసినంతసేపూ తెరిచే ఉండి, తర్వాత దానంతటదే మూసుకునేది.

"దుమ్మొస్తోంది, తెర కట్టు" అన్నాడు భర్త. కట్టింది.

డిజైను ఎలా ఉందో చెప్పమని తెలిసినవాళ్లందరికీ మెసేజీ పెట్టింది. కాసేపటికి తలుపు దభాలున తెరుచుకుని మధ్యాహ్నం దాటేదాకా మూసుకోలేదు. అప్పుడు చెల్లెలు ఫోన్ చేసింది. దుకాణాలకు బోర్డులు రాసే మనిషి, మొహమాటం బొత్తిగా లేదు.

"అక్కా, అవి పాఠాలా, మందు సీసా మీది అక్షరాలా? ఆకుపచ్చ మీద పసుపు రంగేంటి? ఏది నొక్కితే ఎక్కడికి పోతానో తెలీక భిన్నాల్లోనే తిరుగుతున్నాను."

"అంత ఘోరంగా ఉందా?"

"ఉంది. ఇన్నేళ్లకి నాకు భాగహారం అర్థమైంది. అలాంటి పాఠాన్ని ఆ రంగుల్లో పాతిపెట్టావు."

టీచరుకి ఒళ్లు మండి ఫోన్ పెట్టేసింది.

మిగతావాళ్లందరూ మెచ్చుకున్నారు. అదిరిపోయిందంది సైన్సు టీచరు. రంగులు కంటికి హాయిగా ఉన్నాయంది పక్కింటావిడ. తలుపు మాత్రం కదల్లేదు. బిగుసుకుందేమోనని టీచరు బందులకు నూనె రాసింది.

"ఇవాళ పనిలో ఖాళీ దొరికి నీ సైటు చూశాను. బాగుంది" అన్నాడు భర్త, భోజనం దగ్గర.

"ఏ పాఠం చూశారు?"

"అన్నీ చూశాలే."

ఆ రోజంతా ఆమె మూసిన తలుపుకి ఎదురుగానే కూర్చుని ఉంది. అతని గ్లాసులో మంచినీళ్లు పోసింది.

కోపం చల్లారాక చెల్లెలు చెప్పినట్టే రంగులు మార్చింది, అక్షరాలు పెంచింది, ఏ పేజీ నుంచైనా మొదటికి రావడానికి దారి పెట్టింది. ఇక కమిటీ చూడడమే తరువాయి అనుకుంటుండగా హెడ్మాస్టరు పిలిపించాడు.

"కమిటీ అంతా కూర్చుని చూశామమ్మా. డిజైను పిల్లలకి నప్పదు."

"ఎప్పుడు చూశారు సార్?"

"నిన్న సాయంత్రమే."

"నిన్న మా తలుపు తెరుచుకోలేదు సార్."

హెడ్మాస్టరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "మీ ఆయన్ని కూడా అడిగామమ్మా. ఆ సైటు పనికొచ్చేది కాదని ఆయనే చెప్పారు."

ఇంటికొచ్చి భర్తని అడిగింది.

"నీ మంచికే చెప్పాను. నీకు విశ్రాంతి కావాలి" అన్నాడు.

"చూడకుండానే చెప్పారా?"

అతను తలుపు వైపు చూశాడు. మర్నాడు కంప్యూటరుని దుప్పట్లో చుట్టుకుని చెల్లెలు బోర్డులు రాసుకునే షెడ్డుకి వెళ్లిపోయింది.

బళ్లో ఆమె స్థానంలోకి ఇంకొకళ్లు వచ్చారు. భర్త అప్పుడప్పుడు ఫోన్ చేసి రోజూ సైటు చూస్తున్నానని చెబుతాడు. "సరే" అని పెట్టేస్తుంది.

ఇప్పుడు షెడ్డు తలుపు తెరుచుకుంటోంది. వారానికి ఒకసారి, ఒక్కో వారం అదీ లేదు. ఎవరో కాసేపు చదువుకుని వెళ్లిపోతారు. దుమ్మొచ్చి తడి రంగుకి అంటుకుంటుంది. చెల్లెలు తెర కట్టమనదు. తెరుచుకునే తలుపుకి అడ్డం రాకూడదని, రాసిన బోర్డులన్నీ లోపలి గోడకే ఆనిస్తుంది.