సత్రం ఖాళీ

మోచెయ్యి విరిగిన చప్పుడు హాలంతా వినబడింది. గోడలకి సున్నాలు వేసుకుని బతికే మనిషి కెవ్వుమని కింద కూలబడ్డాడు. వస్తాదు కర్ర దించి, మూలమంచం కేసి నడిచాడు.

నిలువనీడ లేనివాళ్ల కోసం వందేళ్ల కిందట ఎవరో పుణ్యాత్ముడు కట్టించిన సత్రం అది. ఇప్పుడు దాన్ని పెద్ద హోటల్ చేస్తారట. పొద్దుగుంకేలోగా అందర్నీ వెళ్లగొట్టాలని సత్రం మేనేజరు హుకుం. వస్తాదూ ఇక్కడివాడే. మూటలు మోసే పని ఊడి రోడ్డున పడ్డప్పుడు ఈ హాలే చోటిచ్చింది. కొండలాంటి ఒళ్లు చూసి ఆ పేరు పెట్టిందీ ఇక్కడివాళ్లే. హోటల్లో కాపలా పనీ, మెట్ల కింద గదీ ఇస్తానని మేనేజరు ఆశ పెట్టాడు. తలుపున్న గదిలో వస్తాదు ఎన్నడూ ఒంటరిగా పడుకుని ఎరగడు. ఆ గది తలుచుకునే పొద్దుట్నుంచీ కర్ర ఆడించాడు.

మూలమంచం బుట్టలల్లే ముసలమ్మది. లేవమంటే మంచం కోడు పట్టుకు కూర్చుంది. వేళ్ల మీద కొట్టాడు. వదల్లేదు. మళ్లీ కొట్టాడు. చర్మం చిట్లి, రెండు వేళ్లు వంకర తిరిగాయి. ముసలమ్మ కాసేపు వాటికేసే చూసి, చెయ్యి అతని ముందుకు చాపింది.

"కట్టు కట్టు నాయనా. ఒంటిచేత్తో నాకు ముడి పడదు."

వెక్కిరిస్తోందేమో అనుకున్నాడు. దగ్గర్లో ఉన్నది తనే గనక అడిగింది, అంతే. తన తలగుడ్డ చింపి వేళ్లకి చుట్టాడు. ఆ వేళ్లు ఇక బుట్ట అల్లవని ముడి వేస్తున్నప్పుడు అర్థమైంది.

గుమ్మంలోంచి మేనేజరు కసిరాడు. దాన్ని జుట్టు పట్టి ఈడ్చుకురమ్మన్నాడు.

"నా వల్ల కాదయ్యా."

"గది అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

మేనేజరు సైగతో ఇనప రాడ్లు పట్టుకున్న రౌడీలు ముందుకొచ్చారు. వస్తాదు ఎదురెళ్లి, ఒకడి దవడ పగలగొట్టి, మేనేజరు మెడ పట్టుకుని రౌడీలందర్నీ వసారాలోకి నెట్టుకుపోయాడు. రాడ్డు భుజమ్మీద పడింది. రెండోది నెత్తిన పడేసరికి మోకాళ్ల మీద కూలాడు.

అతని వెనక హాలు తలుపు మూసుకుంది. గడియ పడింది. లోపల మంచాలు ఈడ్చి తలుపుకి అడ్డం వేస్తున్నారు. ఆ అడ్డం రౌడీలకో, తనక్కూడానో వస్తాదుకి తెలియలేదు. అడిగే మొహమూ లేదు.

కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుని, తలుపుకి వీపు ఆనించి మెల్లగా లేచి నిలబడ్డాడు.