కోర్దస్ కంఠతా పట్టిన సోలో

1996 నవంబరులో ఒక శనివారం సాయంత్రం క్రాకోవ్‌లోని నేలమాళిగ క్లబ్బులో జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు లుద్విక్ కోర్దస్ తన నలభై ఏళ్ల వాద్య జీవితపు ఉత్సవ కచేరీలో మొదటి పాట మధ్యలోనే ఆగిపోయాడు.

అతని వయసు అరవై రెండు. 1961 రికార్డులో అతను అప్పటికప్పుడు అల్లి వాయించిన సోలో పోలండ్‌లో శాక్సొఫోన్ నేర్చుకునే వాళ్లందరికీ తెలుసు. శిష్యులకు మాత్రం అతను ఒకటే చెప్పేవాడు: నిన్న వాయించింది ఇవాళ వాయించకూడదు. నిన్నటిదే మళ్లీ వాయించిన ట్రంపెట్ వాద్యకారుణ్ణి ఒకసారి వేదిక మీదే బృందంలోంచి తీసేశాడు.

ఈ కచేరీకి ముందు వేసవిలో అతని పై పళ్లు తీసేశారు. కట్టుడు పళ్లతో వాద్యం మీద పట్టు కుదరలేదు. వేళ్లు కొత్త దారి వెతికేలోపు ఊపిరి అయిపోయేది. కచేరీ మానుకోలేదు. తన పాత రికార్డు పెట్టుకుని ఆ సోలోను కంఠతా పట్టాడు.

శనివారం అదే వాయించాడు. చప్పట్లు మధ్యలోనే మొదలయ్యాయి. పియానో దగ్గర బోగ్నా తలెత్తి చూసింది. 1961లోనూ పియానో ఆమెదే. రికార్డులో లేని దారిలోకి ఆమె మళ్లింది. కోర్దస్ వెంట వెళ్లలేకపోయాడు. డ్రమ్స్ వాయించే ఒల్గెర్ద్ పాట ముగించి, విరామం ప్రకటించాడు.

వెనక గదిలో ఒల్గెర్ద్ అన్నాడు: "వాళ్లకేం తెలీలేదు మాస్టారూ. తెగ మురిసిపోతున్నారు."

"నువ్వు టీ తాగవయ్యా," అంది బోగ్నా. కోర్దస్ వైపు తిరిగింది. "ఏం లుద్విక్, నీ రికార్డు నువ్వే కొనుక్కున్నావా?"

"పళ్లు, బోగ్నా."

"పళ్లు లేకపోతే రెండు స్వరాలే వాయించు. ఇవాళ్టివి వాయించు."

"రెండు స్వరాల కోసమా వీళ్లు వార్సా నుంచి వచ్చింది?"

"మరి ఆ ట్రంపెట్ అతన్ని ఎందుకు గెంటావు, అంతమంది ముందు?"

కోర్దస్ కట్టుడు పళ్లు తీసి రుమాల్లో చుట్టాడు.

విరామం తర్వాత మైకు ముందు నిలబడ్డాడు. పళ్లు లేక మాట ముద్దగా వచ్చింది. "ఇందాక నేను వాయించింది... బట్టీ పట్టింది. పాత రికార్డే, మక్కీకి మక్కీ."

"జోకులొద్దు మాస్టారూ, వాయించండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు.

"నిజమే చెబుతున్నా."

నవ్వు పెరిగింది. చప్పట్లు కొట్టారు. కోర్దస్ బోగ్నా వైపు చూశాడు. ఆమె పియానో మీటల వైపు తల దించుకుంది.

అతను శాక్సొఫోన్ ముట్టుకోకుండానే వేదిక దిగాడు. రెండో భాగం బోగ్నా, ఒల్గెర్ద్, బృందంలోని బాస్ వాద్యకారుడు ముగ్గురే వాయించారు. కోర్దస్ కోటు వేసుకుని మూడో వరసలో చివరిదాకా కూర్చున్నాడు.