చెయ్యి వెయ్యకూడని డోలు

ఒలిందా ఊళ్లో, ఊరేగింపుల్లో డోళ్లు మోగించే మరాకతు మేళానికి మేస్త్రి అమారో ముసలాయన. మనవరాలు లియొకాదియా చిన్నప్పుడే ఆయన ఒక ముక్క తేల్చి చెప్పాడు: ఆడపిల్ల డోలు మీద చెయ్యి వెయ్యకూడదు. పిల్ల ఏడ్చింది, అలిగింది, పోయి పోయి హెవీ మెటల్ బ్యాండులో డ్రమ్మరై కూర్చుంది. వద్దన్న పని మీదే మనిషికి మోజు.

ఇప్పుడా బ్యాండు ఆల్బమ్‌లో ఆఖరి పాటకు తాత మేళమే కావాలి. ఊరేగింపు డోళ్లు దయ్యాల పాటలకు రావని తాత తెగేసి చెప్పాడు. కంప్యూటర్లోంచి డోలు మోత తీసి అతికిద్దామన్నాడు గిటారిస్టు జెనివాల్. లియొకాదియా ఒప్పుకోలేదు. చిన్నప్పుడు తాత మేళం వాయిస్తుంటే తను గోడవతల కూచుని విన్న మోత అది. తాత రాకపోతే పాటే తీసేస్తానంది.

మర్నాడు మధ్యాహ్నం ముసలాయన స్టూడియో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఒప్పుకోడానికి కాదు. ఊరికే చూసి పోదామని."

"చూడు తాతా, చూస్తే పోయేదేముంది," అంది లియొకాదియా. డ్రమ్ముల వెనక కూర్చుంది.

పాట మొదలైంది. గిటారు గర్జించినా ముసలాయన చెవులు మూసుకోలేదు. వంగి వంగి డ్రమ్ముల కిందికి చూస్తున్నాడు.

పాట ఆగగానే అడిగాడు. "ఆ పెద్దది కొట్టిందెవరే?"

"నేనే."

"నీ చేతులు పైనున్నాయి గదా?"

"కాళ్లతో తాతా. ఈ పెడల్స్ తొక్కితే మోగుతుంది."

ఆయన ఒక పెడల్ నొక్కి చూశాడు. ధమ్మంది. రెండోదీ నొక్కాడు. "జరుగు," అని ఆమె స్టూలు మీద కూర్చుని, చెప్పులు విడిచి, మేళం నడక తొక్కబోయాడు. అడుగు తడబడింది. మళ్లీ తొక్కాడు.

"మేస్త్రిగారూ, కొత్తగా చేరారా?" అన్నాడు జెనివాల్.

"నువ్వు నోర్ముయ్యరా జుట్టుపోలిగా." మనవరాలి వైపు తిరిగాడు. "రెండు కాళ్లూ ఒకే బరువున ఎట్లా పడుతున్నాయే నీకు?"

"గోడవతల మడమలతో నేల కొట్టుకునేదాన్ని. చెయ్యి వెయ్యొద్దన్నావుగా. కాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు." ఆమెకు ఆ కోపం ఇంకా ఆరలేదు.

ముసలాయన స్టూలు మీంచి లేచాడు. "అవును. చెయ్యి అనే అన్నాను," అని గొణిగి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున, చెప్పాపెట్టకుండా తాత మేళం స్టూడియోలో దిగింది. అందరూ డోళ్లు తగిలించుకుని నిలబడ్డారు. ఒక డోలు మాత్రం నేల మీదే ఉంది.

"ఎవరు రాలేదు తాతా?"

"అందరూ వచ్చారు."

ఆయనే ఆమె ముందున్న చిన్న డ్రమ్ము పక్కకు తీసి, ఆ చోట డోలు నిలబెట్టి, కర్రలు అందించాడు.

"కాళ్లు నీ పాటకి వాడుకో. చేతులు నాకియ్యి."

లియొకాదియా కర్రలు పట్టుకుంది గానీ చేతులు లేవలేదు. ముందు కాళ్లే మొదలుపెట్టాయి.